క్లామ్ మీద తెల్ల నత్తలు: ఏరెయ్యాలా, డిప్ ఇవ్వాలా, చేపను పెట్టాలా?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఉన్న ట్రైడాక్నా క్లామ్ (రెండు చిప్పల సముద్రజీవి) కొన్ని రోజులుగా మాంటిల్‌ను, అంటే చిప్పల మధ్య నుంచి బయటికి పరుచుకునే మెత్తని కండను, పూర్తిగా విప్పడం లేదు. రాత్రి లైట్లు ఆరాక టార్చ్ వేసి చూస్తే చిప్ప అంచు వెంబడి బియ్యపు గింజంత తెల్లటి నత్తలు పాకుతూ కనిపించాయి. అప్పుడు చాలామంది టెన్షన్‌తో అదే రాత్రి క్లామ్‌ను బయటికి తీసి, మంచినీళ్లలో ముంచి, బ్రష్‌తో రుద్ది, చేతికందిన డిప్ (మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచడం) ఒకటి ఇచ్చి, మర్నాడు నత్తల్ని తినే రాస్ చేపను ఒకదాన్ని తెచ్చి వదులుతారు. అన్నీ చేస్తే ఏదో ఒకటి పనిచేస్తుందని ఆశ. జబ్బుపడిన క్లామ్ మాత్రం ఇన్నింటిని వరసగా తట్టుకోలేదు. ఈ నత్తలు దాన్ని చంపడానికి వారాలు పడుతుంది, తొందరపాటు చికిత్స రెండు రోజుల్లో చంపగలదు.

అందుకే ఈ పద్ధతుల్ని పోల్చేటప్పుడు నేను ముందు చూసేది క్లామ్‌లో ఇంకా ఎంత సత్తువ మిగిలి ఉందని. నత్తల సంఖ్య ఆ తర్వాతి మాట. ఒకే పద్ధతి ఒక క్లామ్‌ను నిలబెడుతుంది, ఇంకో క్లామ్‌ను ముంచుతుంది.

ముందు ఆ నత్త ఏదో తేల్చుకోండి

క్లామ్ మీద కనిపించే ప్రతి నత్తా శత్రువు కాదు. రీఫ్ ట్యాంకులో చిన్న నత్తలు బోలెడు ఉంటాయి. సెరిత్, స్టొమటెల్లా లాంటివి నాచు తింటూ తిరుగుతూ క్లామ్ చిప్ప మీదికి కూడా ఎక్కుతాయి. అక్కడ పెరిగే నాచును శుభ్రం చేసి పెడతాయి కాబట్టి వాటిని ఏరి పారేస్తే మనకే నష్టం.

భయపడాల్సింది పిరమిడెల్లిడ్ అనే కుటుంబానికి చెందిన నత్తల గురించి. ఇవి సన్నగా, పొడుగ్గా, కొన వైపు కూసుగా, తెల్లగా ఉంటాయి. సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లకు మించవు. మిగతా నత్తల్లా గీకి తినడానికి వీటి నోట్లో రాడ్యులా ఉండదు. దాని బదులు పొడవుగా సాగే తొండం, దాని చివర సూదిలాంటి భాగం ఉంటాయి. దాన్ని మాంటిల్ అంచులో గుచ్చి క్లామ్ శరీర ద్రవాన్ని పీలుస్తాయి. పగలు చిప్ప మీది పొలుసుల సందుల్లోనో, క్లామ్ అడుగునో, దాని కింది ఇసుకలోనో దాక్కుంటాయి. రాత్రి పైకెక్కుతాయి. కాబట్టి పట్టపగలు చూసి "ఏమీ లేవు" అనుకోవడం వల్ల ఉపయోగం లేదు. లైట్లు ఆరిన గంటా రెండు గంటల తర్వాత, వీలైతే ఎర్ర కాంతి టార్చ్‌తో చూడండి. అద్దం మీద తిరిగే నత్తలు అద్దం మీదే ఉండి, మాంటిల్ అంచున మాత్రం ప్రతి రాత్రీ అవే తెల్ల నత్తలు బారులు తీరి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పొలుసుల మధ్య పారదర్శకంగా జిగురు ముద్దలు కనిపిస్తే అవి వాటి గుడ్లు.

పెద్ద నత్తల సంగతి వేరు. సిమాటియం జాతి నత్తలు, మ్యూరెక్స్ నత్తలు క్లామ్‌ను ఏకంగా తినేస్తాయి. సిమాటియం చిప్పల మధ్య నుంచో, అడుగున ఉండే బైసస్ రంధ్రం (క్లామ్ రాతిని పట్టుకునే దారాలు బయటికొచ్చే చోటు) నుంచో లోపలికి దూరుతుంది. మ్యూరెక్స్ చిప్పకు రంధ్రం చేస్తుంది. వీటి విషయంలో పోలికలు, ఆలోచనలు ఏమీ లేవు. కనిపించిన క్షణంలో చేత్తో తీసెయ్యండి, క్లామ్ అడుగు భాగం కూడా తిప్పి చూడండి.

నత్తలు ఉన్నంత మాత్రాన అవే కారణమని అనుకోవద్దు

ఒక పెద్ద, బలమైన డెరాసా జాతి క్లామ్ మీద నాలుగైదు పిరమిడెల్లిడ్లు ఉన్నా అది మామూలుగానే విచ్చుకుంటుంది. అలాంటి క్లామ్ ముడుచుకుపోయి ఉందంటే నత్తలతో పాటు ఇంకేదో కూడా జరుగుతోంది. లైటు మార్చారా? ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటుతోందా? ఆల్కలినిటీ (నీటి పీహెచ్‌ను నిలిపే శక్తి, డీకేహెచ్‌లో కొలుస్తారు) ఒక్కసారిగా పడిందా, పెరిగిందా? సెంట్రోపైగి ఏంజెల్ చేపో, బటర్‌ఫ్లై చేపో మాంటిల్‌ను కొరుకుతోందా? ట్యాంకు ముందు కాసేపు కదలకుండా కూర్చుని గమనిస్తే ఈ చివరిది తేలిగ్గానే తెలుస్తుంది. నీటి విషయంలో ఆల్కలినిటీ 8 నుంచి 11 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, ఉప్పదనాన్ని సూచించే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దరిదాపుల్లో, ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య స్థిరంగా ఉండాలి. ఇందులో ఏదైనా అదుపు తప్పి ఉంటే ముందు అది సరిచెయ్యండి. నీళ్లు బాగోని ట్యాంకులో నత్తల్ని ఎన్నిసార్లు ఏరినా క్లామ్ తేరుకోదు.

నైట్రేట్ పూర్తిగా సున్నాకి తెచ్చిన ట్యాంకులు కూడా క్లామ్‌కి మంచివి కావు. దాని మాంటిల్‌లో ఉండే జూజాంథెల్లా ఆల్గేకి కొంత నత్రజని కావాలి. అవే క్లామ్‌కి ప్రధానమైన ఆహారాన్ని తయారుచేస్తాయి.

సత్తువ అంచనా వెయ్యడానికి ఇంట్లో తేలిగ్గా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. చేతి నీడను క్లామ్ మీదుగా పోనివ్వండి. ఆరోగ్యంగా ఉన్నది చటుక్కున మాంటిల్‌ను లోపలికి లాక్కుంటుంది. నెమ్మదిగా, అరకొరగా లాక్కుంటే బలహీనపడింది. నీడకి కదలక, తాకితే మాత్రమే కదిలితే పరిస్థితి విషమించింది. దీనితో పాటు నీటిని లోపలికి పీల్చే సైఫన్ రంధ్రాన్ని చూడండి. అది రోజంతా బాగా తెరుచుకుని వేలాడుతున్నట్టు ఉంటే మంచి లక్షణం కాదు. పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. 5 సెంటీమీటర్ల లోపు పిల్ల క్లామ్‌కి పది నత్తలు ప్రాణాంతకం కావచ్చు. 20 సెంటీమీటర్ల క్లామ్‌కి అదే పది నత్తలు చికాకు మాత్రమే.

చేత్తో ఏరడం, బ్రష్‌తో రుద్దడం

నా మొదటి ఎంపిక ఎప్పుడూ ఇదే. నత్తా క్లామూ రెండూ మొలస్కా వర్గానివే. ఒకదాన్ని చంపి ఇంకొకదాన్ని వదిలేసే మందు కోసం వెతకడం కంటే, రెంటినీ చేతులతో విడదీయడం ఎంతో భద్రం. మందుకి రెంటి మధ్య తేడా తెలియదు, మన కళ్లకి తెలుస్తుంది.

క్లామ్ బాగా బలహీనంగా ఉంటే దాన్ని కదిలించకుండానే మొదలుపెట్టండి. రాత్రి ఎర్ర కాంతిలో సన్నని ఎయిర్‌లైన్ పైపును సైఫన్‌లా వాడి, మాంటిల్ అంచున ఉన్న నత్తల్ని బకెట్లోకి లాగెయ్యండి. సన్నని పట్టకారు కూడా పనికొస్తుంది కానీ మాంటిల్‌కు తగలకూడదు. వరసగా కొన్ని రాత్రులు ఇలా చేస్తే పెద్ద నత్తలు చాలావరకు తగ్గుతాయి. గుడ్లు, అడుగున దాగినవి మిగులుతాయన్నది నిజమే. అయినా రక్తం పీల్చేవాటి సంఖ్య తగ్గినకొద్దీ క్లామ్‌కి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. బయటికి తీసి రుద్దే పని అది కాస్త కోలుకున్నాక పెట్టుకోవచ్చు.

నీడకి బాగానే స్పందిస్తున్న క్లామ్ అయితే నేరుగా బయటికి తియ్యొచ్చు. ట్యాంకు నీళ్లతోనే రెండు గిన్నెలు నింపుకోండి. మొదటి గిన్నెలో మాంటిల్ ముడుచుకున్నాక మెత్తని కొత్త టూత్‌బ్రష్‌తో చిప్పల మీద, పొలుసుల సందుల్లో, వెనక కీలు దగ్గర, అడుగున బైసస్ రంధ్రం చుట్టూ నెమ్మదిగా రుద్దండి. బ్రష్ మాంటిల్‌కు గానీ, బైసస్ కండకు గానీ తగలనివ్వద్దు. జిగురు ముద్దలు బ్రష్‌కి రాకపోతే ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకండి. తర్వాత రెండో గిన్నెలో కడిగి ట్యాంకులో పెట్టండి. రెండు గిన్నెల నీళ్లూ పారబొయ్యండి, అవి మళ్లీ ట్యాంకులోకి వెళ్లకూడదు. క్లామ్‌ను నీళ్లలోకి దించేటప్పుడు పక్కకి వంచి, లోపల చిక్కుకున్న గాలి బుడగలు బయటికి పోనివ్వండి.

ఈ పద్ధతిలో ప్రమాదమంతా ఒక్కచోటే ఉంది. క్లామ్ బైసస్ దారాలతో రాతిని పట్టుకుని ఉన్నప్పుడు దాన్ని బలవంతంగా లాగితే లోపలి బైసస్ అవయవం చిరుగుతుంది. అలా చిరిగిన క్లామ్‌లు తరచూ చనిపోతాయి. దారాల్ని రాతికి దగ్గరగా పదునైన బ్లేడుతో కొయ్యండి, లేదా చిన్న రాయి అయితే రాయితో సహా తియ్యండి. తిరిగి పెట్టేటప్పుడు క్లామ్ కింద అరచేయంత చదునైన రాతి పలకను ఉంచితే అది దాన్నే పట్టుకుంటుంది. ఆ తర్వాత ప్రతిసారీ పలకతో సహా ఎత్తొచ్చు, దారాలు కొయ్యాల్సిన పని ఉండదు. ఇసుక మీద ఉండే డెరాసా, స్క్వామోసా జాతుల క్లామ్‌లకు ఈ ఏర్పాటు తప్పకుండా చేసుకోమని గట్టిగా చెబుతాను.

జాతిని బట్టి శ్రమ మారుతుంది. డెరాసా చిప్ప నున్నగా ఉంటుంది, రుద్దడం తేలిక. స్క్వామోసాకి పెద్దపెద్ద పొలుసులు ఉంటాయి, ప్రతి పొలుసు కిందా ఒక దాగుడుచోటు. ఓపిగ్గా ఒక్కొక్కటీ చూడాల్సిందే. క్రోసియా అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది రాతిని తొలుచుకుని అందులో కూరుకుని ఉంటుంది. రాతిని ఎత్తగలిగితే సరే. ఎత్తలేకపోతే రాత్రి సైఫన్ పద్ధతి, దానికి తోడు చేప, ఈ రెండే దారులు.

మంచినీళ్ల డిప్

దీని గురించి అపోహ బాగా ఉంది. మంచినీళ్ల డిప్ నత్తల కోసం పుట్టింది కాదు. "పించ్డ్ మాంటిల్" అనే జబ్బుకు దీన్ని వాడతారు. ఆ జబ్బులో మాంటిల్ అంచు అక్కడక్కడ గిల్లి పట్టుకున్నట్టు మడతపడి, ఆ భాగం చిప్ప దాటి బయటికి రాదు. ఏదో ఏకకణ జీవి దీనికి కారణమని చాలామంది పెంపకందార్లు భావిస్తారు. ఆర్వో నీళ్ల ఉష్ణోగ్రతను, పీహెచ్‌ను ట్యాంకుతో సమానం చేసి 20 నుంచి 30 నిమిషాలు ముంచే పద్ధతి వాళ్లలో స్థిరపడింది. ఆర్వో నీళ్లకి పీహెచ్‌ను నిలుపుకునే శక్తి ఉండదు కాబట్టి కొంచెం బేకింగ్ సోడా కలిపి, ముంచే ముందు తప్పక కొలవాలి.

పిరమిడెల్లిడ్లకు గుల్ల నోటిని మూసుకునే మూత ఉంటుంది. మంచినీళ్లు తగలగానే లోపలికి ముడుచుకుని మూత వేసుకుంటాయి. కొన్ని రాలిపోవచ్చు, కొన్ని చావచ్చు, జిగురులో ఉన్న గుడ్లకి పెద్దగా ఏమీ కాదు. అంటే డిప్ తర్వాత కూడా బ్రష్ పని తప్పదు. మరి బలహీనపడిన క్లామ్‌ను అరగంట సేపు ఉప్పులేని నీళ్లలో పెట్టి సాధించేది ఏమిటి? నత్తలు మాత్రమే ఉండి మాంటిల్‌లో మడతలు లేకపోతే డిప్ జోలికి పోవద్దని నా సలహా. మడతలూ నత్తలూ రెండూ ఉంటే, ముందు చిప్పని బ్రష్‌తో శుభ్రం చేసి అదే విడతలో డిప్ ఇవ్వండి. క్లామ్‌ను రెండుసార్లు కదిలించే బాధ తప్పుతుంది.

కోరల్ డిప్‌ల గురించి ఒక్క మాట చాలు. అవి పగడాల కోసం తయారైనవి. క్లామ్‌కి వాడొచ్చని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప వాడకండి. రాగి ఉన్న మందులు ఏ రూపంలోనూ వద్దు. రాగి క్లామ్‌ను చంపుతుంది, పగడాల్ని, రొయ్యల్ని చంపుతుంది, రాళ్లలోకి ఇంకి చాలాకాలం ఉండిపోతుంది.

రాస్ చేపలు

పిరమిడెల్లిడ్లు సముద్రంలో కూడా ఉంటాయి. అక్కడ వాటిని తినేవాళ్లు చుట్టూ ఉంటారు కాబట్టి అవి అదుపు తప్పవు. క్లామ్ ఫారాల తొట్లలో, మన ట్యాంకుల్లో తినేవాళ్లు లేక విపరీతంగా పెరుగుతాయి. ఫారం నుంచి వచ్చే పిల్ల క్లామ్‌ల మీద ఇవి తరచూ కనిపించడానికి కారణం ఇదే. ఆ లోటును చేపతో పూడ్చడం సహజమైన ఆలోచనే.

సిక్స్‌లైన్ రాస్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. చిన్న చేప, సందుల్లో దూరి వెతుకుతుంది, చిన్న ట్యాంకులోనూ ఉండగలదు. పెద్దయ్యాక మిగతా చేపల్ని తరిమి వేధించే గుణం దీనిది. ముఖ్యంగా దాని తర్వాత వచ్చిన చిన్న చేపలకు నరకం చూపిస్తుంది. హాలికోరస్ జాతి రాస్‌లు, అంటే పసుపు రంగు క్రైసస్, మెలనూరస్ లాంటివి, సాధారణంగా ఇంతకంటే సౌమ్యంగా ఉంటాయి. నత్తల్ని వెతికి తినడంలో నాకు వీటి మీదే నమ్మకం ఎక్కువ. కానీ వీటికి రాత్రి దూరి పడుకోవడానికి ఇసుక కావాలి, ట్యాంకుకు మూత కావాలి, పెద్ద ట్యాంకు కావాలి. పెద్దవైతే మనం కావాలని పెంచుకునే చిన్న నత్తలు, రొయ్యల మీద కూడా కన్నేస్తాయి.

రెంటికీ ఉన్న పరిమితి ఒకటే. రాస్‌లు పగటి చేపలు. నత్తలు క్లామ్ మీదికి ఎక్కే వేళకి ఇవి నిద్రలో ఉంటాయి. పగలు పొలుసుల మధ్య, రాళ్ల సందుల్లో దొరికిన వాటిని, ముఖ్యంగా పిల్ల నత్తల్ని తింటాయి. క్లామ్ కిందికి చేరినవి చేప నోటికి అందవు. అందువల్ల చేపను పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. మనం ఏరి తగ్గించిన సంఖ్యను మళ్లీ పెరగకుండా నిలపడంలో చేప గొప్పగా పనికొస్తుంది. క్లామ్ ఇప్పటికే ప్రాణాల మీద ఉంటే, ఈ వారంలో దాన్ని రక్షించేది మాత్రం చేప కాదు. పైగా కొత్త చేపను క్వారంటైన్ చెయ్యకుండా హడావిడిగా వదిలితే ట్యాంకులోకి ఇంకో జబ్బు రావచ్చు.

మీ క్లామ్‌కి ఏది?

5 సెంటీమీటర్ల లోపు పిల్ల క్లామ్, నీడకి నెమ్మదిగా స్పందిస్తోంది అంటే రాత్రి సైఫన్‌తో మొదలుపెట్టి, కాస్త చురుకయ్యాక బ్రష్. డిప్ వద్దు, స్థలం మార్చొద్దు, లైటు మార్చొద్దు.

మధ్యస్థం నుంచి పెద్ద క్లామ్, స్పందన బాగుంది, నత్తలు చాలా ఉన్నాయి అంటే ఈరోజే బయటికి తీసి బ్రష్ చెయ్యండి, కింద పలక పెట్టండి, చుట్టూ ఉన్న ఇసుక పైపొరను సైఫన్ చెయ్యండి. ట్యాంకుకు సరిపోతే ఒక హాలికోరస్‌ను క్వారంటైన్‌లో సిద్ధం చేసుకోండి. ఒకే ట్యాంకులో రెండు మూడు క్లామ్‌లు ఉంటే అన్నింటినీ ఒకే రోజు శుభ్రం చెయ్యాలి, బాగున్నట్టు కనిపించేవాటితో సహా. ఒకదాన్ని వదిలేస్తే నత్తలు దాని మీద పెరిగి మళ్లీ మిగతావాటి మీదికి వస్తాయి. శుభ్రత కోసం పెట్టుకున్న ట్రోకస్, టర్బో నత్తల గుల్లల్ని కూడా ఓసారి చూడండి. వాటి మీద బతికే పిరమిడెల్లిడ్లు కూడా ఉన్నాయి.

జబ్బు క్లామ్‌ను వేరే ట్యాంకులోకి మార్చాలా అని అడిగేవాళ్లు చాలామంది. ఆ ట్యాంకు ముందే నడుస్తూ, నీళ్లు స్థిరపడి, క్లామ్‌కి చాలినంత లైటు ఉంటే అది మంచి దారే. అడుగున ఇసుక లేకపోతే రాలిన నత్తలు దాక్కోవడానికి చోటుండదు. అప్పటికప్పుడు బకెట్లో కొత్త నీళ్లు కలిపి, అరకొర లైటు కింద పెట్టేదైతే మాత్రం క్లామ్‌ను ఉన్నచోటే ఉంచండి. వెలుతురు లేక ఆకలితో పోయే క్లామ్ నత్తలు లేకపోయినా పోతుంది.

మొదటి శుభ్రం తర్వాత వారానికోసారి పగలు గుడ్ల కోసం, రాత్రి నత్తల కోసం చూడాలి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు కొన్ని వారాల్లోనే పెరిగి మళ్లీ గుడ్లు పెడతాయి కాబట్టి ఒక్క విడతతో పని అయిపోదు. కనీసం రెండు నెలలు ఈ తనిఖీ ఆపొద్దు. క్లామ్ కోలుకుంటోందనడానికి నేను నమ్మే గుర్తు మాంటిల్ రంగు కాదు, చిప్ప పై అంచున వచ్చే తెల్లటి కొత్త పెరుగుదల. అది కనిపించిందంటే తినడానికి, పెరగడానికి దానికి శక్తి మిగులుతోందన్న మాట. ట్యాంకులో కాల్షియం, ఆల్కలినిటీ వాడకం మళ్లీ పెరగడం కూడా అలాంటి శుభసూచనే.

తాకినా చిప్పలు మూసుకోకుండా, మాంటిల్ వదులుగా వేలాడుతూ, వాసన వస్తుంటే ఆ క్లామ్ ఇక లేదు. వెంటనే తీసెయ్యండి. పెద్ద క్లామ్ కుళ్లితే అమ్మోనియా పెరిగి మిగతా జీవాలు కూడా ప్రమాదంలో పడతాయి. దాని చుట్టూ బ్రిసిల్ పురుగులు మూగి ఉంటే వాటిని నిందించకండి, అవి సాధారణంగా చనిపోతున్నదాన్ని తినడానికి వచ్చినవే. ఖాళీ చిప్పను బాగా రుద్ది, మంచినీళ్లలో కడిగి, పూర్తిగా ఎండబెట్టాకే మళ్లీ ట్యాంకు దగ్గరికి తీసుకురండి. ట్యాంకులోకి కొత్త క్లామ్ ఏది వచ్చినా, ఎంత ఆరోగ్యంగా కనిపించినా, మొదటి రోజే బ్రష్ చేసి, ఇసుక లేని ట్యాంకులో మంచి లైటు కింద కొన్ని వారాలు ఉంచి, రాత్రిపూట చూసుకున్నాకే లోపలికి దించండి.